ఇరవై అయిదేళ్ళ సెలవులు, ఒక్క పూట బేరం

చిల్లకూరు నుంచి ఒక సోదరి వ్రాసిన లేఖను ఈ నెల శీర్షికకు తీసుకుంటున్నాను. పేరు, వీధి ప్రచురించవద్దని ఆమె కోరారు. ఆ వివరాల అవసరం కూడా లేదు. ఆమె అడిగిన ప్రశ్న ఆ ఒక్క ఇంటికే పరిమితమైనది కాదు.

ఆమె భర్త పదకొండేళ్ళు కువైట్‌లో డ్రైవరుగా పనిచేశారు. రెండేళ్ళ క్రితం తిరిగి వచ్చి, జాతీయ రహదారి పక్కన లారీల విడిభాగాల దుకాణం పెట్టుకున్నారు. ఇంట్లో అత్తగారు, ముగ్గురు పిల్లలు ఉన్నారు. అమ్మాయికి పదిహేనేళ్ళు, అబ్బాయిలకు పన్నెండు, ఎనిమిది. ఒక పెళ్ళి బట్టల కోసం చెన్నై వెళ్ళినప్పుడు షాపింగ్ మాల్‌లో ఎవరో కూపన్ ఇచ్చి పేరు, ఫోన్ నంబరు వ్రాయించుకున్నారు. పది రోజులకు ఫోన్ వచ్చింది. మీకు బహుమతి వచ్చింది, భార్యాభర్తలు ఇద్దరూ కలిసి నెల్లూరులోని ఫలానా హోటలుకు వచ్చి తీసుకోవాలి అని దాని సారాంశం.

ఆ హోటల్ హాలులో మూడు గంటలు కూర్చోబెట్టారట. కొండలు, జలపాతాలు, ఈతకొలనులు తెరపై చూపించారు. ఏడాదికి ఆరు రాత్రులు, ఏడు పగళ్ళు, ఇరవై అయిదేళ్ళపాటు దేశంలోని తమ రిసార్టులలో ఎక్కడైనా ఉండవచ్చునన్నారు. పన్నుతో కలిపి సభ్యత్వపు ధర 4 లక్షల రూపాయలు. 40,000 ముందుగా కట్టి, మిగిలినది నెలకు 9,900 చొప్పున 48 వాయిదాలలో కట్టవచ్చు. ఇది గాక ఏటా నిర్వహణ రుసుము, ప్రస్తుతం పన్నుతో సహా 18,000. ఈ ధర ఈ రోజు సంతకం చేసినవారికే అని గట్టిగా చెప్పారు. భర్త కలం చేతిలోకి తీసుకున్నారు. ఇంటికి వెళ్ళి అత్తగారితో మాట్లాడి చెబుతామని ఈ సోదరి లేచి వచ్చారు. అప్పటి నుంచి రోజూ ఫోన్లు వస్తున్నాయి. మీ కోసం ప్రత్యేకంగా గడువు పెంచామని చెబుతున్నారట. 'ఈ రోజే' అన్న ఆ రోజు ఇంకా గడవలేదన్నమాట!

లేఖలో ఒక మాట నన్ను ఆలోచింపజేసింది. "పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడు నేను దగ్గర లేను, రెండేళ్ళకొకసారి నెలన్నర సెలవుకు వచ్చి చుట్టంలా ఉండి పోయాను, ఇప్పుడైనా ఏడాదికి ఒక వారం వాళ్ళతో గడుపుతాను అని మావారు అంటున్నారు. కాదనడానికి నాకు నోరు రావడం లేదు. కాని కువైట్ సంపాదనలో మాకు మిగిలింది ఆ నాలుగు లక్షలే" అని ఆమె వ్రాశారు.

కనుక ఈ సోదరుడిది దుబారా కోరిక అని తేలికగా కొట్టిపారేయలేము. భార్యాబిడ్డలతో గడిపే సమయం ఒక హక్కు కూడా. ఆ హక్కును తీర్చుకోవాలనుకునే తండ్రికి అమ్మకందారు అమ్ముతున్న వస్తువు సరిపోతుందా లేదా అన్నదే తేలవలసిన విషయం.

మొదట ఆ వస్తువు ఏమిటో చూద్దాం. టైమ్‌షేర్ అనే పద్ధతి 1960లలో ఐరోపాలో పుట్టింది. స్విట్జర్లాండ్‌లో హాపిమాగ్ అనే సంస్థ 1963లో మొదలయింది. ఇంచుమించు ఆ కాలంలోనే ఫ్రాన్స్‌లోని ఆల్ప్స్ పర్వతాల్లోనూ ఇటువంటి ప్రయోగం జరిగింది. ఒక విడిది గృహాన్ని ఒక్కరే కొనడం భారం గనుక వారాలుగా విభజించి పలువురికి అమ్మడం దీని మూల ఆలోచన. 1974లో అమెరికాలో ఆర్‌సీఐ అనే మార్పిడి సంస్థ వచ్చి, ఒకచోట కొన్న వారాన్ని మరొకచోటి వారంతో మార్చుకునే వీలు కల్పించింది. మన వైపు ఇది చెన్నై నుంచి వచ్చింది. 1986లో స్టెర్లింగ్ సంస్థ అక్కడ ప్రారంభమయింది. పదేళ్ళ తరువాత, 1996లో, మహీంద్రా వారి హాలిడే సంస్థ స్థాపితమయింది. స్టెర్లింగ్‌ను 2014లో థామస్ కుక్ ఇండియా తీసుకున్నది. ఇరవై అయిదేళ్ళు అంటే ఒక సంస్థ యజమానులు మారిపోవడానికి చాలినంత కాలమని గుర్తు చేయడానికే ఈ చరిత్ర చెబుతున్నాను. మనం సంతకం చేసేది ఎదుట కూర్చున్న మర్యాదస్తుడైన యువకుని మాట మీద కాదు. ఆ యువకుడు వచ్చే రంజాన్ నాటికి అదే ఉద్యోగంలో ఉంటాడన్న భరోసా కూడా లేదు.

ఇప్పుడు మన దేశంలో అమ్ముతున్న సభ్యత్వాలలో ఎక్కువ భాగం ఆస్తి హక్కును ఇవ్వవు. గది గాని, గోడ గాని, సెంటు నేల గాని మన పేర రిజిస్టరు కాదు. మనకు దక్కేది, ఖాళీ ఉంటే నిర్ణీత సీజన్‌లో, నిర్ణీత పరిమాణం గల గదిని అడిగే హక్కు. 'ఖాళీ ఉంటే' అన్న మాట హాలులో వినిపించదు, ఒప్పంద పత్రంలో కనిపిస్తుంది. సంవత్సరాన్ని సీజన్లుగా విభజించి, గిరాకీ ఎక్కువగా ఉండే కాలానికి ఎక్కువ ధర కడతారు. వేసవి సెలవులలో ఊటీకో, కొడైకెనాల్‌కో వెళ్ళాలంటే ఖరీదైన సీజన్ సభ్యత్వమే కొనాలి. అది కొన్నా, అదే వారానికి అదే కొండకు వేల కుటుంబాలు పోటీ పడతాయి. నెలల ముందు బుక్ చేసుకోగలవారికే చోటు దొరుకుతుంది.

ఇక లెక్కకు వద్దాం. ఈ సోదరి పంపిన అంకెలనే తీసుకుంటున్నాను.

నాలుగు లక్షలను ఇరవై అయిదేళ్ళకు పంచితే ఏడాదికి 16,000. నిర్వహణ రుసుము 18,000. మొత్తం 34,000. ఆరు రాత్రులకు పంచితే రాత్రికి సుమారు 5,670 రూపాయలు. హాలులో వీరికి ఈ లెక్క ఇలా చెప్పలేదు. 4 లక్షలను 150 రాత్రులతో భాగించి, రాత్రికి 2,700 కూడా పడదని బోర్డు మీద వ్రాశారట. నిర్వహణ రుసుమును ఆ భాగహారంలోకి రానీయలేదు.

ఆ రుసుము 18,000 దగ్గరే ఆగిపోదు. ఎంత పెంచవచ్చునో ఒప్పందంలో వేరుగా ఉంటుంది. మితంగా ఏటా 6 శాతం పెరుగుతుందనుకొందాం. ఇరవై అయిదో ఏట అది దాదాపు 72,900 అవుతుంది. ఇరవై అయిదేళ్ళలో కట్టే రుసుముల మొత్తం సుమారు 9 లక్షల 87 వేలు. అంటే సభ్యత్వపు ధరకు రెండింతలకు పైగా! రెండూ కలిపితే 13 లక్షల 87 వేలు. ఒక్క ఏడాది కూడా తప్పకుండా వెళితే రాత్రికి సగటున 9,250 పడుతుంది. ఇంటి పరిస్థితుల వల్ల పన్నెండేళ్ళే వెళ్ళగలిగితే 19,000 దాటుతుంది. వెళ్ళని ఏడాదికి కూడా రుసుము కట్టవలసిందే. రైలు ఛార్జీలు, టాక్సీలు, తిండి వేరు. గూడూరు జంక్షన్‌లో రైలెక్కి, చెన్నైలో మారి, మేట్టుపాళయంలో దిగి కొండ ఎక్కేసరికి ఆరుగురికి ఎంతవుతుందో ఆ ఇంటివారే వేసుకోగలరు. రిసార్టులు చాలా వరకు ఊరికి దూరంగా ఉంటాయి. అక్కడ హలాల్ భోజనం దొరుకుతుందో లేదో ముందుగా అడిగి తెలుసుకోవాలి. గదిలో వండుకోనిస్తారా అన్నది మరో ప్రశ్న. అత్తగారికి రెండు పూటలా అన్నం, పులుసు లేనిదే గడవదని లేఖలో ఉంది.

గది సంగతి కూడా ఉంది. వీరికి చూపిన ధర స్టూడియో గదికి. అందులో ఇద్దరు పెద్దలు, ఇద్దరు చిన్నపిల్లలకే అనుమతి. వీరు ఆరుగురు. అమ్మాయికి పదిహేనేళ్ళు వచ్చాయి, ఆమెకు వేరు గది గాని, కనీసం నానమ్మతో వేరు పడక గాని కావాలి. ఈ కుటుంబానికి తగిన రెండు పడకగదుల సభ్యత్వం ధర ఎంతో వారు చెప్పలేదు, వీరు అడగలేదు.

మన ఇళ్ళకు ప్రత్యేకమైన ఇబ్బంది ఇంకొకటి ఉంది. అమ్మకందారుకు అది తట్టదు. సీజన్లు ఇంగ్లీషు నెలలను బట్టి నడుస్తాయి, మన పండుగలు చంద్రమానాన్ని బట్టి నడుస్తాయి. ఏటా పది పదకొండు రోజులు వెనక్కు జరుగుతూ, ముప్ఫై మూడేళ్ళకు ఒక చుట్టు పూర్తవుతుంది. ఇరవై అయిదేళ్ళ ఒప్పందం అంటే ఆ చుట్టులో మూడొంతులు. బక్రీద్ 2026లో మే నెలాఖరున, 2027లో మే మధ్యలో, 2028లో మే మొదటి వారంలో, 2029లో ఏప్రిల్ నెలాఖరున వస్తుంది. అంటే పిల్లలు ఇంట్లో ఉండే నాలుగు వేసవి సెలవులలోనూ ఖుర్బానీ ఏర్పాట్లు, చుట్టాల రాకపోకలు ఉంటాయి. పండుగకు ముందూ వెనుకా రోజులు తీసివేస్తే కొండకు వెళ్ళడానికి మిగిలేది కొద్ది వారాలే. సంక్రాంతి సెలవులకు వెళదామా అంటే, రంజాన్ క్రమంగా చలికాలంలోకి జరుగుతూ 2030లో జనవరి మొదట్లోనే ప్రారంభమవుతుంది. ఆ ఏడాది సంక్రాంతి సెలవులు ఉపవాసాలలోనే గడుస్తాయి. అదే ఏడాది డిసెంబరు నెలాఖరులో రంజాన్ మళ్ళీ మొదలవుతుంది. ఒప్పందం ముగిసే కాలానికి రంజాన్ తిరిగి మే, జూన్ నెలలకు చేరుకుంటుంది. ఒక సీజన్‌కు కట్టుబడి కొన్న సభ్యత్వం ఈ క్యాలెండరుతో ఎన్నేళ్ళు పొసగుతుంది? గోడమీది క్యాలెండరు దించుకుని ఆలుమగలు ఇద్దరూ కూర్చొని చూసుకోవలసిన విషయం ఇది.

అసలు మాట ఇప్పుడు చెబుతాను. ఆ తండ్రికి కావలసింది పిల్లలు పిల్లలుగా ఉన్నప్పుడు వారితో గడిపే వారాలు. అమ్మాయికి ఇప్పుడు పదిహేను. ఇంకొక ఏడెనిమిదేళ్ళలో ఆమె చదువు, నికాహ్ విషయాలు ముందుకు వస్తాయి. చిన్నవాడికి పదేళ్ళలో పద్దెనిమిది నిండుతాయి. ఆపైన వాళ్ళు ఏ ఊళ్ళో ఉంటారో, ఎప్పుడు సెలవు దొరుకుతుందో ఎవరూ చెప్పలేరు. ఆయనకు కావలసినవి పది వేసవులు, అమ్ముతున్నవి ఇరవై అయిదు. మిగిలిన పదిహేనేళ్ళకూ రుసుము మాత్రం కడుతూనే ఉండాలి.

పది వేసవులకు ఎంత అవుతుందో విడిగా చూద్దాం. రాత్రికి 2,500 చొప్పున రెండు గదులు, ఆరు రాత్రులకు 30,000. గదుల అద్దె కూడా ఏటా 6 శాతం పెరుగుతుందని లెక్కిస్తే, పదేళ్ళకు మొత్తం సుమారు 3 లక్షల 95 వేలు. అంటే ఈ కుటుంబం దగ్గర ఉన్న ఆ నాలుగు లక్షలే, ఏ సభ్యత్వమూ లేకుండా, ఏ సంతకమూ పెట్టకుండా, ఒక గదికి బదులు రెండు గదులతో పది సెలవులను భరించగలవు. అదే పదేళ్ళలో సభ్యత్వం మార్గాన అయ్యేది 4 లక్షల ధర, 2 లక్షల 37 వేల రుసుములు, వెరసి 6 లక్షల 37 వేలు. పైగా మొదటి మార్గంలో డబ్బు ఒక్కసారిగా చేయి దాటదు. ఏటా ఆ ఏటికి సరిపడా తీసి, మిగిలినది దుకాణంలో సరుకుగా తిప్పుకోవచ్చు. ఒక ఏడాది వ్యాపారం మందగిస్తే ఆ వేసవికి దూరం తగ్గించుకోవచ్చు. హార్స్‌లీ హిల్స్‌లో మన రాష్ట్ర పర్యాటక సంస్థ వారి హరిత వసతి ఉంది. ఊటీ, కొడైకెనాల్, ఏర్కాడులలో తమిళనాడు పర్యాటక సంస్థ హోటళ్ళున్నాయి. దగ్గరలోనే మైపాడు తీరం, తూపిలిపాలెం తీరం, చలికాలంలో నేలపట్టు పక్షులు, పులికాట్‌లో రాజహంసలు ఉన్నాయి. చిల్లకూరు పిల్లలకు సముద్రం కొత్త కాదన్న మాట నిజమే. కాని నాన్నతో కలిసి తెల్లవారుజామున నేలపట్టు చెరువు గట్టున నిలబడడం వాళ్ళకు కొత్తే.

వాయిదాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 3 లక్షల 60 వేలకు నెలకు 9,900 చొప్పున 48 వాయిదాలు కడితే అయ్యేది 4 లక్షల 75 వేల 200. అదనంగా పోయేది 1,15,200. ఇది సంవత్సరానికి 14 శాతం దరిదాపు వడ్డీ. అమ్మకందారు దీనిని 'సులభ వాయిదా' అంటాడు. సాధారణంగా ఈ రుణం రిసార్టు సంస్థ నుంచి కాక బ్యాంకు లేదా ఫైనాన్స్ సంస్థ నుంచి వస్తుంది. వస్తువును అమ్మేవాడే ఒక ధరను ఖాయం చేసి, ఆ ధరనే వాయిదాలలో తీసుకోవడం వేరు. ఆ పద్ధతిని అధిక సంఖ్యాక ఫుఖహా అనుమతించారు. మూడో సంస్థ ఇచ్చిన అప్పు మీద వడ్డీ కట్టడం వేరు. రెండింటికీ నెలవారీ మొత్తం ఒకేలా కనిపించవచ్చు, ధర్మంలో మాత్రం రెండూ ఒకటి కావు. వార్షిక రుసుము ఆలస్యమైతే వడ్డీ వేసే నిబంధన కూడా చాలా ఒప్పందాలలో ఉంటుంది. అదీ చూసుకోవాలి. మన డబ్బు చేరిన రిసార్టులలో మద్యం సరఫరా ఉంటుందా, స్త్రీలకు, ఆడపిల్లలకు పరదాతో మసలే వీలుందా అన్నవి ఎవరికి వారు అడిగి తెలుసుకోవలసినవి.

టైమ్‌షేర్ ధర్మసమ్మతమేనా అని కూడా ఈ సోదరి అడిగారు. నేను ఫత్వా ఇచ్చే స్థానంలో లేను. ఒప్పంద పత్రాన్ని చేతబట్టుకుని ఒక ఆలిమ్ వద్దకు వెళ్ళడమే సరైన మార్గం. మార్గసూచిగా రెండు మాటలు చెప్పగలను. ఉమ్మడి యజమానులు ఒక ఇంటిని వంతుల వారీగా వాడుకోవడం మన ఫిఖ్హ్‌కు కొత్త కాదు. హిదాయా వంటి హనఫీ గ్రంథాలలో 'ముహాయా' పేరున దాని నియమాలు ఉన్నాయి. మక్కాలో హరమ్ ఎదుటి జమ్‌జమ్ టవర్‌లో వసతి హక్కును ఒక కువైట్ సంస్థ 24 ఏళ్ళ కాలానికి 'సుకూక్ అల్-ఇంతిఫా' రూపంలో అమ్మింది కూడా. అంటే వంతుల పద్ధతి దానంతట అదే దోషం కాదు. అయితే అద్దెలో వాడుకునే వస్తువు, కాలం, ప్రతిఫలం మూడూ స్పష్టంగా తెలిసి ఉండాలి. ఏ ఊరో, ఏ గదో, ఏ వారమో తెలియక, 'పాయింట్లు' మాత్రమే చేతికిచ్చి, పైగా ఏటా కట్టవలసిన రుసుము ఎంతవుతుందో చెప్పకుండా ఇరవై అయిదేళ్ళకు కట్టివేసే ఒప్పందంలో అనిశ్చితి, అంటే గరర్, ఎంత ఉందో ఆలిమ్‌ను అడగండి.

ఈ సందర్భంలో నాకు హబ్బాన్ బిన్ మున్ఖిజ్ (రజి) వృత్తాంతం గుర్తుకు వస్తున్నది. తలకు తగిలిన గాయం వల్ల ఆయన మాట తడబడేది, బేరాలలో తరచు మోసపోయేవారు. ఆయనను క్రయవిక్రయాల నుంచి నివారించమని ఇంటివారు దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి కోరారు. ఆయన మాత్రం వ్యాపారం మానలేనన్నారు. అప్పుడు ప్రవక్త (స) ఆయనకు ఒక ఉపాయం నేర్పారు. ఇందులో మోసం ఉండరాదన్న షరతును బేరం సమయంలోనే పైకి చెప్పుకొమ్మన్నారు. మూడు రాత్రుల వరకు సరుకును ఉంచుకునే లేదా తిరిగి ఇచ్చే హక్కును కల్పించినట్లు ఇబ్నె మాజా ఉల్లేఖనంలో ఉంది. దీని నుంచే 'ఖియార్ అష్-షర్త్' అధ్యాయాన్ని ఫుఖహా విస్తరించారు. ఇమామ్ అబూ హనీఫా దృష్టిలో దాని గరిష్ఠ గడువు మూడు రోజులు. ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ నిర్ణీతమైనదైతే అంతకన్నా ఎక్కువ గడువును కూడా అంగీకరించారు. బేరం మాటల హోరులో నిర్ణయశక్తి తడబడేది గాయపడినవారికే కాదు. మూడు గంటల చిత్రప్రదర్శన తరువాత ఆరోగ్యవంతులకూ అదే జరుగుతుంది.

పాశ్చాత్య దేశాల చట్టాలు ఇటువంటి రక్షణకు చాలా ఆలస్యంగా చేరుకున్నాయి. బ్రిటన్ 1992లో టైమ్‌షేర్ కొన్నవారికి 14 రోజులలో రద్దు చేసుకునే హక్కు ఇచ్చింది. 2008 నాటి ఐరోపా సమాఖ్య ఆదేశం అదే 14 రోజులను నిర్ణయించి, ఆ గడువులో పైసా కూడా తీసుకోరాదని నిషేధించింది. మన దేశంలో టైమ్‌షేర్‌కు ప్రత్యేక చట్టం లేదు. కొన్ని సంస్థలు తమ నిబంధనల్లో పది రోజుల గడువు వ్రాస్తున్నాయి. అది ఒప్పందంలో ఉంటేనే ఉన్నట్లు. హాలులో నోటితో చెప్పిన హామీలు, ఉచిత విమాన టిక్కెట్లు, 'అవసరమైతే మేమే తిరిగి కొంటాం' అన్న మాటలు కాగితం మీద లేకపోతే రుజువు చేయడం చాలా కష్టం. గడువుతో కూడిన లావాదేవీలను వ్రాసుకొమ్మని ఆదేశించే ఆయతు దివ్య ఖుర్ఆన్‌లోకెల్లా పొడవైన ఆయతు అని మనకందరికీ తెలుసు. ఆ ఆదేశాన్ని మన పెళ్ళి పద్దులకూ, చేబదుళ్ళకూ వర్తింపజేయడం ఎలా ఉన్నా, కనీసం నాలుగు లక్షల బేరానికైనా వర్తింపజేయాలి.

దంపతులిద్దరూ కలిసి రావాలని ఎందుకు పట్టుబడతారో కూడా చెప్పాలి. ఒక్కరే వస్తే 'ఇంట్లో అడిగి చెబుతాను' అని లేచి పోవచ్చు. ఇద్దరూ ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. ఈ సోదరి అత్తగారిని అడుగుతామని చెప్పి ఆ మూసిన తలుపును తెరిచారు. ఉమ్మడి కుటుంబం వల్ల ఉపయోగమేమిటని అడిగే కొత్త కోడళ్ళకు ఇది కూడా ఒక సమాధానం!

ఈ సభ్యత్వం ఎవరికీ పనికిరాదని నేను అనను. నెలజీతం గల దంపతులు, కోరినప్పుడు సెలవు దొరికే ఉద్యోగం, ఏటా తప్పక ఎక్కడికో వెళ్ళే అలవాటు, ఆరు నెలల ముందు బుక్ చేసుకోగల ఓపిక, నగదుగా కట్టినా కుటుంబ భద్రతకు లోటు రాని మిగులు ఉన్నవారికి ఒకే తీరు శుభ్రత, పిల్లలకు ఆటస్థలం ఉన్న చోట్లు హామీగా దొరకడం సౌకర్యమే. అటువంటివారు సంతృప్తిగా ఉన్నారు కూడా. చిల్లకూరులో దుకాణం నడిపే కుటుంబానికి ఆ లెక్క కుదరదు. షట్టరు దించిన ప్రతి రోజూ ఆదాయం ఆగిపోతుంది. కనుక నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను: కొనవద్దు. పై అంకెలను మీవారికి చూపండి, 'నీ కోరిక తప్పు' అన్నట్లుగా కాకుండా, 'నీ కోరిక తీరడానికి ఇంతకన్నా దగ్గర దారి ఉంది' అన్నట్లుగా. వీలైతే ఆ మాటతో పాటే ఈ వేసవికి రెండు గదులు ఎక్కడో నిర్ణయించుకోండి. ఆయనకు సభ్యత్వ కార్డు దొరకకపోవచ్చు గాని సెలవు దొరుకుతుంది.

ఇంకా ఆలోచనలో ఉన్న ఇతర పాఠకులు ఒక పని చేయవచ్చు. ఖాళీ ఒప్పంద పత్రాన్ని ఇంటికి పంపమని అడగండి. వార్షిక రుసుము పెంపుకు పరిమితి ఉందా, వెళ్ళని ఏడాది రోజులు ఎన్నాళ్ళు నిలువ ఉంటాయి, మధ్యలో మానుకుంటే ఎంత తిరిగి వస్తుంది, సభ్యుడు మరణిస్తే వారసుల మీద ఏ బాధ్యత పడుతుంది అన్న నాలుగింటికి జవాబు అందులో వెతకండి. సభ్యత్వం ఆస్తి వంటిదని, అవసరానికి అమ్ముకోవచ్చునని ఎవరైనా అంటే, పాత సభ్యత్వాన్ని అమ్మజూపుతున్నవారు ఎంత ధర అడుగుతున్నారో, దానికైనా కొనేవారు వస్తున్నారో లేదో విచారించండి. మామూలుగా ఆ ధర మొదట కట్టినదానికి చాలా తక్కువగా ఉంటుంది, బదిలీ రుసుము అదనం.

ఇప్పటికే సంతకం చేసినవారు మొదట ఒప్పందంలో రద్దు గడువు ఎన్ని రోజులో, దానిని ఏ తేదీ నుంచి లెక్కిస్తారో చూడండి. గడువు ఉంటే ఆ రోజే రద్దు కోరుతూ ఈమెయిల్ పంపి, అదే లేఖను స్పీడ్ పోస్టులో కూడా పంపండి. ఫోన్‌లో చెబితే సరిపోతుందని ఎవరు చెప్పినా నమ్మవద్దు. వాయిదాలు బ్యాంకు ద్వారా కట్ అవుతుంటే, రద్దు లేఖ ప్రతిని జతచేసి బ్యాంకుకూ వ్రాయండి. గడువు దాటిపోయినా, హామీ ఇచ్చినవి ఇవ్వకపోతే దారి ఉంది. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. అక్కడ పరిష్కారం కాకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద, సంస్థ కార్యాలయం ఏ నగరంలో ఉన్నా సరే, మీరు నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. న్యాయవాది లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. ఫిర్యాదుకు కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ళలోగా దాఖలు చేయాలి. గది అడిగినప్పుడల్లా 'ఖాళీ లేదు' అని వచ్చిన సందేశాలను తేదీలతో సహా భద్రపరచండి. కమిషన్ ముందు పనికివచ్చే సాక్ష్యం అదే.